పెళ్ళిచూపులకి తగ్గ ఇంగ్లీషు బొమ్మ

నా చిన్నప్పుడు ఏ కాలంలో ఏ ఇంగ్లీషు బొమ్మ చూడాలో శాసించే పండితుడొకడు బొబ్బిలిలో మా అమ్మమ్మగారింట్లోనే ఉండేవాడు. ఆయన మా పెదమావ, మా అమ్మకి అన్నయ్య. విశాఖపట్నంలో ఏదో ఆఫీసులో కొన్నాళ్ళు గుమాస్తాగా చేసి, అక్కడ కుదరక తిరిగొచ్చేశాడు. ఉద్యోగం ఊడింది గానీ అక్కడినుంచి తెచ్చుకున్న డాబు మాత్రం ఊడలేదు. ఎండాకాలంలో మంచుకొండల బొమ్మ చూడాలట, ఒళ్ళు చల్లబడుతుందట. వానాకాలానికి ఓడలు మునిగే బొమ్మ. దసరాకి కత్తియుద్ధాల బొమ్మ. క్రిస్మస్‌కి గంటలు మోగే బొమ్మ. ఆ పండగ చేసుకునే మిషన్ కాంపౌండు వాళ్ళు కూడా ఈయన్ని అడిగే సినిమాకి వెళ్ళాలన్నట్టు మాట్లాడేవాడు. ఇక తెలుగు బొమ్మలు చూసేవాళ్ళంటే ఆయన లెక్కలో పశువులే.

ఆ మహానుభావుడికి ఇంగ్లీషు రాదు. వచ్చి ఉంటే నాకీ ఒళ్ళుమంట ఉండేది కాదు. ఆదివారం పొద్దుటాటకి ఇంగ్లీషు బొమ్మ వేస్తే, ముందు వరసలో మిషన్ స్కూలు మేష్టార్లు నవ్వేదాకా ఆగి, అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. హాలు బయట అద్దాల పెట్టెలో అంటించిన ఫొటోలు చూసి కథ అల్లుకుని, వారం రోజులు అరుగు మీద అదే దంచేవాడు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని మా అమ్మమ్మ అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ చూపు అరుగు వైపే ఉండేది.

మాది నౌపడ. ఎండాకాలం సెలవులివ్వగానే నన్ను బొబ్బిలి పంపేసేవారు. నేను వెళ్ళేది మా పిన్ని కోసం. పిన్ని విజయనగరం హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతోంది, ఇంకొక్క ఏడాది మిగిలింది. సెలవులకి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. వీధిలో పిల్లల్ని పట్టుకొచ్చి పెరట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పేది. మేం విసుక్కుంటే చెవి మెలిపెట్టేది, మళ్ళీ తనే బెల్లం ముక్క పెట్టేది. టీచరవడం తప్ప ఆవిడకి వేరే కోరిక ఉన్నట్టు నాకెప్పుడూ తెలీదు.

ఆ ఏడు పిన్నికి కోటబొమ్మాళి సంబంధం వచ్చింది. తండ్రి లేని పిల్లాడు, వరి పొలాలు, ఇంట్లో పెత్తనమంతా తల్లిది. తల్లీకొడుకులు శనివారం సాయంత్రం బండి దిగారు. పెళ్ళిచూపుల్లో పిల్ల పేరు చెప్పడం తప్ప నోరు తెరవకూడదు, అది మా వాళ్ళ మర్యాద. పిన్ని కాఫీలిచ్చి, పేరు చెప్పి, తల దించుకుని కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి పిన్నిని చూసి ముచ్చటపడింది. చదువు సంగతి ఆవిడ ఎత్తనైనా లేదు. అడక్కుండానే మా పెదమావ అందుకున్నాడు.

“మా సెల్లికి సదువు మీద మోజేటీ నేదండి. రేపే మానేస్తాది. ఈ ఎండల్లోనే ముహూర్తం ఎట్టించండి.”

పిన్ని తలెత్తింది. అమ్మమ్మ వైపు చూసింది. తాతయ్య పోయాక ఇంటికి పెద్దమగాడు మా పెదమావే. వచ్చినవాళ్ళ ముందు కొడుకు మాట కాదంటే ఇంటి పరువు పోతుందని అమ్మమ్మ పెదవి విప్పలేదు. ఆ రోజు మా పెదమావని గోళ్ళతో రక్కాలనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

అంతటితో ఆగితే ఆయన మా పెదమావ ఎందుకవుతాడు? మర్నాడు పొద్దుటాటకి, పెళ్ళిచూపులకి తగ్గ ఇంగ్లీషు బొమ్మ ఒకటి తను ఏరి ఉంచానని, అందరం వెళ్ళాల్సిందేనని ప్రకటించాడు. దాని పోస్టరు నేనూ చూశాను. తెల్లగౌను పెళ్ళికూతురు, కోటు వేసుకున్న పెళ్ళికొడుకు, చేతినిండా పువ్వులు. ఆయనకి తెలిసిందీ అంతే.

హాల్లో కుర్చీల్లో వరసగా కూర్చున్నాం. ఆ చివర పెళ్ళికొడుకు, పక్కన పెదమావ, తర్వాత అమ్మమ్మ, పెళ్ళికొడుకు తల్లి, పిన్ని, ఈ చివర నేను. చర్చిలో పెళ్ళయ్యేదాకా పెదమావ మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత బొమ్మ అడ్డం తిరిగింది. పెద్ద మేడలో ఆ పిల్ల ఒకటే ఏడుపు, మొగుడు ఒకటే అరుపులు.

“ఏటి బాబూ, ఆ పిల్ల అలాగేడస్తన్నాది?” అంది పెళ్ళికొడుకు తల్లి.

“ఆనందబాష్పాలండి,” అన్నాడు పెదమావ.

మొగుడు పూలకుండీ విసిరి గోడకి కొట్టాడు. అదేమిటని అడిగితే, ఆళ్ళ దేశంలో కొత్త దంపతులు అలాగే ఆడుకుంటారన్నాడు. సిగ్గు కాస్తయినా ఉండొద్దూ మనిషికి!

అప్పుడు మా అమ్మమ్మ ముందుకి వంగి పిన్నిని పిలిచింది. “ఒసే, సదువుకున్నదానివి నువ్వు కదా. పెద్దావిడకి ఆ కథేటో సెప్పు. సినిమా కథ సెప్పడానికి సిగ్గేటి?”

దానికేటి తెలుస్తాదని పెదమావ గొణిగాడు గానీ, పెళ్ళికొడుకు తల్లి సెప్పనీమంది. పిన్ని తెర వైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో మొదలుపెట్టింది.

“ఆ అమ్మాయి పిల్లలకి పాఠాలు సెప్పడం నేర్సుకుంటన్నాది అత్తా. ఇంకొక్క ఏడాదే మిగిలింది.”

“మరైతే ఏడుపేటి?”

“సదువు మానేస్తాదని ఇంట్లోవాళ్ళు మాటిచ్చీసినారు. ఆ పిల్లనెవరూ అడగనేదు.”

“పెళ్ళికొడుకంటే ఇష్టం నేదా?”

“అయ్యో, అదేటీ కాదత్తా. ఆయన మంచోరు.”

సరిగ్గా అప్పుడే తెరమీద ఆ మంచాయన పెళ్ళాన్ని గదిలోకి నెట్టి తలుపేశాడు. పిన్ని గతుక్కుమంది. ఆ చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

“ఇంతకీ మాటిచ్చినోడెవడు?” అని అడిగింది పెళ్ళికొడుకు తల్లి.

“ఆ పిల్లకి అన్నయ్య.”

“ఎదవ!” అందావిడ, హాలంతా వినపడేలా.

ఇంగ్లీషు తనకీ అర్థమైందని నిరూపించుకోవాలి కదా మా పెదమావ! “అవునండి, పరమ ఎదవ. నాను మొదట్నుంచీ సూస్తన్నాను,” అన్నాడు. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆట వదిలాక ఎండలోకి రాగానే పెళ్ళికొడుకు తల్లి పెదమావని ఆపింది. పిల్లని ఆ ఏడాది చదువు పూర్తి చేసుకోనిమ్మంది, ముహూర్తం వచ్చే ఎండల్లో పెట్టుకుందాం, తొందరేమొచ్చిందంది. పెళ్ళికొడుకు కూడా తలూపాడు. సాయంత్రానికి పెదమావ మళ్ళీ అరుగెక్కేశాడు. సందర్భానికి తగ్గ బొమ్మ ఎంచితే కార్యాలు ఇలాగే కుదురుతాయట! పోయేదాకా ఆ ముక్క చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆడపిల్లకి నోరు విప్పే వీలిస్తే చెప్పేది రెండే మాటలు. ఆ రెండు మాటలు వినడానికి పనికిరాని మనిషి, ఏ కాలానికి ఏ బొమ్మో చెప్పడానికి మాత్రం పనికొచ్చాడు పాపం.

పిన్ని టీచరయింది, కోటబొమ్మాళి కోడలూ అయింది. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ఆ బొమ్మ సంగతి అడిగితే, తనకీ అందులో నాలుగు ముక్కలకి మించి అర్థం కాలేదని నవ్వింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో చింతపండు పిక్కలు తీస్తూ అత్తగారు అందిట: “నాకా బొమ్మలో ఎక్కడా బడీ కనపణ్ణేదు, అన్నయ్యా కనపణ్ణేదు. ఇంగ్లీషు రానిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు కదే. ఇలాగైనా నోరిప్పినావు కదాని ఊరుకున్నాను.”

ఇప్పుడు ప్రతివాడి ఫోనులోనూ ఒక పెదమావ దూరాడు. వానకి ఈ పాత ఇంగ్లీషు బొమ్మ, చలికి ఆ బొమ్మ, పండక్కి ఇంకోటి అని ఒకటే సలహాలు. విడ్డూరం! మొన్న ముసురు పట్టిన రోజున మా మనవరాలు టీవీలో అలాంటిదే ఒకటి పెట్టి, నా పక్కన కూర్చుని కథ చెప్పడం మొదలెట్టింది. ఎవరో ఒకమ్మాయట, వాళ్ళ నాన్న చెప్పిన ఉద్యోగం ఇష్టం లేదట, ఎవరికీ చెప్పుకోలేకపోతోందట. తెరమీద చూస్తే ఎడారి, గుర్రాలు, టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు. ఒక్క ఆడపురుగు లేదు.

నేను టీవీ కట్టేసి, దాని చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి తడిగా ఉంది. “ఆ పిల్లకేం కావాలట?” అని అడిగాను.