మా ఇంటాయన రిహార్సళ్లు

మా ఇంటాయన జన్మలో ఏ పనీ ఒక్కసారి చేయలేదు. ముందు ఉత్తుత్తిగా ఒకసారి చేసేవాడు, అది కుదిరితేనే నిజంగా చేసేవాడు. మా నేతపనివాళ్ల కొత్తవాడలో ఆయన్ను రిహార్సల్ రాజలింగు అనేవారు. మొగుడి పేరు నోటితో పలకకూడదంటారు. నేను పలకలేదు, రాశాను.

పెళ్లికి పోవాలంటే ముందురోజే ఆ ధోవతి కట్టుకుని వాడ చివరిదాకా నడిచి వచ్చేవాడు. పొద్దున ఏడింటి బస్సుకు ఊరికి పోవాలంటే, ముందురోజు ఏడింటికి బస్టాండుకు పోయి, బస్సు కదిలేదాకా చూసి, ఇంటికొచ్చి అన్నం తినేవాడు. అన్నిటికంటే ఘోరం పరామర్శ. వాళ్ల మేనమామ పోయినప్పుడు అత్తను ఎలా ఓదార్చాలో చూసుకోవాలని నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చేయి పట్టుకున్నాడు.

"ఊకో అత్తా. మామ పుణ్యాత్ముడు, మంచం పట్టకుంట పోయిండు" అని, నా మొహంలోకి చూసి, "జర ఏడువు. అత్త ఏడుస్తది గద" అన్నాడు.

"ఆ దినం వచ్చినప్పుడు ఏడుస్త. ఇప్పుడు పొయ్యి మీద కూరున్నది" అని లేచాను. ఎదురుగా బతికి కూర్చుని, మొగుడు పోయినందుకు పెళ్లాన్ని ఓదార్చిన మనిషి వరంగల్లు మొత్తంలో ఇంకొకడుంటే చూపించండి.

డెబ్బై ఎనిమిదిలో మా ఒక్కగానొక్క బిడ్డ యాకమ్మను తొలి కాన్పుకు తీసుకొచ్చాం. అప్పటినుంచి తాత కావడానికి రిహార్సలు మొదలు. సంతలో వెతికి వెతికి ఒక గుమ్మడికాయ తెచ్చాడు. మూడు సేర్ల బరువుండాలట, పుట్టే పిల్ల అంతే ఉంటుందట. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి, తొడిమ కింద అరచేయి పెట్టి ఎత్తేవాడు. "మెడ నిలువది గద, గందుకు" అనేవాడు. కాళ్లు చాపుకుని దాన్ని పడుకోబెట్టి నీళ్లు పోసేవాడు, కళ్లలోకి పోకుండా చేయి అడ్డం పెట్టేవాడు. కాయకు కళ్లెక్కడున్నాయో ఆయనకే తెలియాలి. పది రోజులు ఊరుకున్నాను. పదకొండో రోజు కోసి పులుసు పెట్టాను. ఆ పూట ఆయన పచ్చడితో తిన్నాడు. పులుసు గిన్నె వైపు కూడా చూడలేదు.

ఎనిమిదో నెలలో డాక్టరమ్మ యాకమ్మను చూసి, కడుపులో బిడ్డ అడ్డంగా ఉందన్నది. నొప్పులు మొదలైతే ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉంచవద్దని, నేరుగా తన దగ్గరికే తీసుకురమ్మని, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని గట్టిగా చెప్పింది. అది విన్నప్పటినుంచి ఆయనకు ఇంకో గుమ్మడికాయ తేవాలనే ధ్యాస పోయింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం మగ్గం దిగి, రిక్షా మొగిలయ్యను వాకిట్లోకి పిలుచుకొచ్చాడు.

"ఎక్కు" అన్నాడు నన్ను.

ఎందుకని అడిగితే, దవాఖానకు పోయే రిహార్సలన్నాడు. నిండు నెలల పిల్లను ఊరికే కుదపగూడదు కాబట్టి ఆమె బదులు నేను ఎక్కాలట. పొట్టకు బొంత కట్టుకుంటే బరువు సరిగ్గా తెలుస్తుందన్నాడు. బొంత ఒక్కటి నేను ఒప్పుకోలేదు. యాభై ఏళ్ల మనిషిని ఒక చేత్తో నడుం పట్టుకుని, రెండో చేత్తో గొడుగు పట్టి, "మెల్లగ, మెల్లగ" అంటూ రిక్షా ఎక్కిస్తుంటే వాడవాడంతా మగ్గాలు ఆపి చూసింది.

ఎదురింటి మల్లక్క గడపలోంచి, "లచ్చక్కా, ఎన్నో నెల?" అని అడిగింది.

"పదమూడోది. ఏనుగు పుడ్తది. నీ వాకిట్లనే కట్టేస్త, మేపు" అన్నాను.

ఒక ఆదివారం బజారు మీదుగా, ఇంకో ఆదివారం వెనక సందుల్లోంచి. గుంత వచ్చినచోటల్లా ఆయన దిగి రిక్షా వెనక పట్టుకునేవాడు. దవాఖాన గేటు దగ్గర మాత్రం బయటే నిలబడి, ఏదో ఒక వంకతో నన్ను లోపలికి తోలేవాడు. చీటీ రాసేచోట ఎంతమంది ఉన్నారో చూసి రమ్మన్నాడు ఒక వారం. వరండా చివర నల్లాలో నీళ్లొస్తున్నాయో లేదో చూడమన్నాడు మరో వారం. తర్వాత, కాన్పుల గది ముందుండే ఆయా బక్కమ్మకు తమలపాకులిచ్చి రమ్మన్నాడు.

"ఆమె నీకేమయితది, ఆకులిచ్చుటానికి?"

"నాకేం కాదు. నువ్వే చుట్టరికం కలుపుకో. నీ నోరు ఇంక దేనికున్నది" అన్నాడు.

తిట్టుకుంటూ పోయేదాన్ని, తిట్టుకుంటూ వచ్చేదాన్ని. మూడో కట్ట ఆకులకు బక్కమ్మ నన్ను అక్కా అన్నది.

నొప్పులు డాక్టరమ్మ చెప్పిన రోజుకంటే పన్నెండు రోజుల ముందు, పట్టపగలు వచ్చాయి. యాకమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. మొగిలయ్య పరుగున వచ్చాడు. ఇన్ని రిహార్సళ్లు చేసిన మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? రిక్షా తానెక్కి, "పోనియ్యి" అన్నాడు. మొగిలయ్య మూలమలుపు దాకా తొక్కి, వెనక్కి తిరిగి చూసి, "రాజలింగన్నా, బిడ్డేదే?" అని అడిగాడు. మేమిద్దరం ఇంకా గడపలోనే ఉన్నాం.

మళ్లీ వచ్చి ఎక్కించుకున్నారు. గేటు దగ్గర కావలివాడు మగవాళ్లకు లోపలికి దారి లేదని కర్ర అడ్డం పెట్టాడు. ఆయన అక్కడే ఆగిపోయాడు. నా చేయి పట్టుకుని బిడ్డ, నా ముందర అంత పెద్ద దవాఖాన.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను చదివింది రెండో తరగతి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేసరికి పక్కనున్నవాళ్లు పని ముగించుకుని పోతారు. ఆ దవాఖాన బోర్డుల్లో సగం ఇంగ్లీషు, అది అసలే రాదు. పోనీ ఎవరినైనా అడుగుతానా అంటే, అడగను. దారి తెలియదని ఒకరి ముందు నోరు తెరవడం నా వల్ల కాదు. సుబేదారిలో ఒకసారి ఏదో ఆఫీసు కోసం రెండు గంటలు తిరిగి, ఎవరినీ అడగకుండానే ఇంటికొచ్చిన మనిషిని నేను.

ఆ రోజు ఏ బోర్డూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. కాళ్లే పోయాయి. చీటీ రాసేచోటు, దాటితే వరండా, నల్లా దగ్గర ఎడమకు, నాలుగు మెట్లు. బక్కమ్మ నన్ను చూస్తూనే, "అగో, మా అక్క బిడ్డ" అని స్ట్రెచర్ లాక్కొచ్చింది. డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ చేసింది. తర్వాత బయటికొచ్చి, ఇంకో అరగంట అటూ ఇటూ తిరిగి ఉంటే చేయి దాటిపోయేదని చెప్పి, తల్లీ పిల్లా క్షేమమన్నది.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గరికి వచ్చాను. ఆయన ఆగిపోయిన జాగాలోనే నిలబడి ఉన్నాడు. కొడుకా బిడ్డా అని అడుగుతాడనుకున్నాను.

"తోవ దొరికిందా?" అన్నాడు.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. అన్ని ఆదివారాలు ఆ రిక్షాలో ఆయన తయారు చేసింది గర్భిణిని కాదు, అమ్మమ్మను. ఆ ముక్క నాతో నేరుగా అని ఉంటే, 'నాకు తోవ నేర్పేటంతటోడివా' అని నాలుగు రోజులు అన్నం పెట్టకపోదును. అదీ ఆయనకు తెలుసు.

"నాకు తోవ దొరకకపోవుడేంది. కండ్లు మూసుకొని పోయిన" అన్నాను.

"అవు మరి, నీకేంది" అన్నాడు, తానెప్పుడూ అనుమానపడనే లేదన్నట్టు.

"మనుమరాలు" అన్నాను. తల ఊపాడు. భుజం మీది తువ్వాల తీసి మళ్లీ భుజం మీదే వేసుకుని, బట్టలు తెస్తానని మొగిలయ్య రిక్షా ఎక్కి పోయాడు.

మిగతాది మర్నాడు మొగిలయ్య చెప్పాడు. కొత్తవాడ చేరేదాకా కనబడ్డ ప్రతి మనిషి దగ్గరా రిక్షా ఆపించాడట. సోడాబండివాడికి చెప్పాడట, తెలిసినవాడికీ తెలియనివాడికీ చెప్పాడట, ఒకాయనకు మరిచిపోయి రెండుసార్లు చెప్పాడట. ప్రతిసారీ రిక్షా దిగి, తువ్వాల సర్దుకుని చెప్పాడట, అదే మొదటిసారి చెబుతున్నట్టు.