వదులుకున్న సివిల్ సీటు

మా ఊళ్ళో ఇంజినీరింగ్ అంటే ఒక్కటే. అందులో కంప్యూటర్లనీ, ఎలక్ట్రానిక్స్ అనీ, మెకానికల్ అనీ, సివిల్ అనీ రకాలున్నాయని పులికాట్ సరస్సు ఒడ్డున ఎవరికి తెలుసు? "మా పాప ఇంజినీరు చదవబోతా ఉండాది" అని నాయన పడవల దగ్గర చెప్పుకునేవాడు. ఏ ఇంజినీరని అడిగినవాళ్ళు లేరు.

నాకు మాత్రం బాగా తెలుసు. గూడూరులో ఇంటర్ చదివేటప్పుడు మా క్లాసులో పొద్దున లేస్తే అదే గోల. కాలేజీ ఒక్కటే, గేటు ఒక్కటే, క్యాంటీనూ ఒక్కటే. కంప్యూటర్ సైన్స్ సీట్లను మాత్రం మంచి ర్యాంకులవాళ్ళు ముందే తన్నుకుపోతారు. తర్వాత ఏఐ పేరున్నవి ఏవైనా సరే. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్, దాని వెనక ఎలక్ట్రికల్. మెకానికల్, సివిల్ దగ్గరికి వచ్చేసరికి పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళకు అడుగూ బొడుగూ వడ్డించినట్టే. ప్రైవేటు కాలేజీల్లో ఆ రెండింటి బెంచీలూ ఖాళీగానే ఉంటాయి. ప్రభుత్వ కాలేజీ అయితే మాత్రం సివిల్‌కీ పోటీయే. అక్కడ హాస్టల్ ఉంటుంది, పంతుళ్ళు ఉంటారు.

నాకు కంప్యూటర్ సైన్స్ కావాలి. ర్యాంకేమో అంతంతమాత్రం. నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పైనంతా కంప్యూటర్లే పెట్టి, అడుగున ప్రభుత్వ కాలేజీలో సివిల్ పెట్టాను. తొలి విడతలో ఆ అడుగుదే వచ్చింది.

నేనేమీ ఏడవలేదు. చేరిపోయి, మలి విడతలో మళ్ళీ కంప్యూటర్లకు ప్రయత్నించవచ్చు. వస్తే సంతోషం, రాకపోతే చేతిలోది చేతిలోనే ఉంటుంది. కాకపోతే గడువులోగా ఆన్‌లైన్లో చేరుతున్నానని చెప్పాలి. అలా చెప్పకపోతే సీటు పోతుంది.

నాయన వల బాగుచేసుకుంటూ అడిగాడు.

"సివిలంటే మంచిదా, చెడ్డదా?"

"అందరూ ఆఖర్న తీసుకునేది నాయనా" అన్నాను.

ఉన్నమాటే చెప్పాను. ఆ మాటే నా కొంప ముంచింది.

మా సరస్సులో ఎవరికి తోచినచోట వాళ్ళు వల వేయడానికి లేదు. రొయ్య బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. ఊరి పెద్దలు విడతకొకసారి చీట్లు తీయించి ఆ చోట్లు పంచుతారు. చెడ్డచోటు వచ్చినవాడు గొడవపడడు. దాన్ని వదిలేసి ఆ విడతంతా గట్టున కూర్చుంటాడు. తర్వాతి విడతలో పెద్దలు చీట్లు తీయకముందే అతన్ని పిలిచి, "నీకే చోటు కావాలో చెప్పు" అంటారు. నష్టపోయినవాణ్ణి ముందు పిలవడం మా ఊరి న్యాయం. నాయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ న్యాయం ఒక్కసారి కూడా తప్పలేదు.

"వదిలెయ్ పాపా" అన్నాడు. "మలి విడతలో నిన్నే ముందు పిలస్తారు. అప్పుడు కంప్యూటరు అడుగు."

"అక్కడ అట్లా ఉండదు నాయనా. వదిలేస్తే పోయినట్టే."

"ఎట్లా పోద్ది? నువ్వు వదిలింది ఇంకొకడు తింటాడు గదా. నీకు ముందు పెట్టకపోతే అది న్యాయమా? నీళ్ళకుండే న్యాయం సర్కారుకు ఉండదా?"

ఎంత చెప్పినా వినలేదు. అమ్మ చెప్పినా వినలేదు. చదువుకున్నానని మిడిసిపడుతున్నానన్నాడు. పోనీ ఆయనకు తెలియకుండా నేనే నొక్కేద్దామంటే, ఓటీపీ వచ్చేది నాయన ఫోనుకు. గడువు ఆఖరి రోజున ఆ ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, బొడ్డున దోపుకుని, నీళ్ళ మీదికి వెళ్ళిపోయాడు. కావాలనే వెళ్ళాడు. నేను తొందరపడి మంచి సీటు పోగొట్టుకుంటానని ఆయన భయం. గట్టు మీద నిలబడి కేకలు పెట్టాను. పడవ ఆగలేదు. నన్ను ప్రాణంగా చూసుకునే మనిషి మీద నాకు అంత కోపం రావడం అదే మొదటిసారి.

మలి విడతలో నన్నెవరూ ముందు పిలవలేదు. కంప్యూటర్లు సరే, నేను వదిలిన సివిల్ కూడా మరొకరికి వెళ్ళిపోయింది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. నాకు మిగిలింది ఎక్కడో ఒక ప్రైవేటు కాలేజీలో సివిల్. ఫోన్ చేస్తే, పిల్లలు చేరక ఆ బ్రాంచే ఎత్తేసేలా ఉన్నాం, వేరేచోట చూసుకోమ్మా అన్నారు. గూడూరులో డిగ్రీలో చేరాను. ఊళ్ళో ఎవరైనా అడిగితే "పాప పెద్ద చదువు చదవతా ఉండాది" అనేవాడు నాయన. ఇంజినీరు మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

ఆ ఏడు చలికాలం చీట్లప్పుడు పెద్దలు నాయననే ముందు పిలిచారు. అంతకుముందు, నా సీటు పోయాక తీసిన చీట్లలో చెడ్డచోటు వచ్చి, ఆ విడతంతా గట్టున కూర్చున్నాడు మరి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర చోటు అడిగాడు. అందరికంటే మంచిచోటు అదే. ఇచ్చారు.

ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాడు. ముఖంలో సంతోషం లేదు.

"నా వంతు నాకొచ్చింది పాపా. నీదే రాలేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "మన నీళ్ళల్లో అయ్యుంటే నీకీ అన్యాయం జరిగేది కాదు."

జాలిపడాల్సింది. నాకు ఒళ్ళు మండింది.

"మన నీళ్ళల్లో నాకు వంతుందా నాయనా?"

ఆయన నా వైపు చూశాడు. మా ఊరి చీట్లలో మగవాళ్ళ పేర్లే ఉంటాయి. కూతుళ్ళ పేర్లు ఏనాడూ లేవు. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

"ఆడబిడ్డలకు పెట్టలేదమ్మా పెద్దలు" అన్నాడు నెమ్మదిగా.

"అందుకే గదా ఆ సివిలన్నా పట్టుకుందామని నేను ఏడ్చింది."

నాయన గడపలోంచి లేచాడు. వల భుజాన వేసుకుని, ఆ మంచిచోటుకు వెళ్ళాడు.