నాలుగు స్లాట్ల బోర్డు, ఒక ఎర్ర కారు

మా చిన్నప్పుడు... గద్వాల బస్టాండు దగ్గరి కంప్యూటర్ల దుకాణంలో, బల్ల మీద రెండు మదర్‌బోర్డులు పక్కపక్కన పెట్టించుకుని మా నాయన గంటసేపు చూశాడు. ఆ గంటా నేను కాలు కాలిన పిల్లిలా దుకాణంలోకీ మెట్ల మీదికీ తిరుగుతూనే ఉన్నాను.

నా ఎనిమిదో తరగతి సెలవులు అవి. మా చిన్నమ్మ కూతురు రజితక్క వనపర్తి నుంచి వచ్చి ఉంది. ఆమెకు పదో తరగతి అయిపోయింది. ఇంకో పది రోజుల్లో తీసుకెళ్లి ఇంటర్‌కు హాస్టల్లో వేస్తారు. ఇక ఇలాంటి సెలవులు మాకు ఉండవని ఇద్దరికీ తెలుసు...

ఆమె వెళ్లేలోగా కార్ల పందెం ఆట ఒక్కసారైనా పక్కపక్కన కూర్చుని ఆడాలి. నాకున్న కోరికల్లా అదే. కంప్యూటర్ ఇంటికి రాకముందే ఎర్ర కారు నాదంటే నాదని జుట్లు పట్టుకున్నాం. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ ఒకటే నవ్వు.

దుకాణం అన్న ఓపిగ్గా చెప్పాడు. "రెండిట్ల ఏది తీస్కున్నా గవే పైసలు. చిన్న బోర్డుకైతే రెండు జీబీ మెమరీ ఏస్త. పెద్దదానికి ఒక్క జీబీనే వస్తది."

"రెండు జీబీ! చిన్నదే!" అని అరిచాను. ఆటకు రెండు జీబీ కావాలని సీడీ డబ్బా మీదే రాసి ఉంది మరి.

నాయన నా మాట వింటేనా... మగ్గం నేసే వేలితో బోర్డు మీది పొడుగాటి గాడులను తడుముతున్నాడు. "గివేంది?"

"మెమరీ పెట్టే స్లాట్లు. పెద్దదాంట్ల నాలుగున్నయి, చిన్నదాంట్ల రెండే."

నాయన నావైపు తిరిగాడు. "మగ్గం ఒక్కసారే పెట్టుకుంటం బిడ్డా. నూలు ఎప్పుడన్న తెచ్చుకోవచ్చు. పెద్దదే తీస్కుందం. దసరాకు ఇంకో మెమరీ ఏపిస్త, జర ఆగు."

దసరా! రజితక్క పోయేది పది రోజుల్లో అయితే ఈయన దసరా అంటాడు! 

అనుకున్నట్టే అయింది. కంప్యూటర్ వచ్చింది, ఆట ఎక్కించాం... తెర మీద గీత సగం దాకా పాకి ఆగిపోయేది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ సగమే. "పోనీయే, దీంట్ల ఉన్న పేకాట ఆడుదం" అంది రజితక్క. నాకు ఏడుపొచ్చింది. కంప్యూటర్ కొనుక్కున్నది పేకాటకా!

మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ ఒకటి మూతబడింది. ఆ సెంటర్ వాళ్లింటికి పరుగెత్తి, పాత కంప్యూటర్‌లోని మెమరీ ఒకటి అడిగి తెచ్చాను. మెమరీ కింద చిన్న గాటు ఉంటుంది... అది స్లాటులోని మిట్టతో కలవాలి. ఈ పాతదాని గాటు పక్కకు ఉంది. కలవలేదు.

"వద్దే... పెద్దనాయనను అడుగుదం" అంటోంది రజితక్క. నేను వింటానా! పనిచేసే స్లాటు అదే కదా అని ఉన్న మెమరీ పీకేసి, ఆ స్లాటులోనే పాతదాన్ని పెట్టి రెండు బొటనవేళ్లతో బలమంతా పెట్టి నొక్కాను.

టక్.

స్లాటు అంచు విరిగి నా ఒళ్లో పడింది. అసలు మెమరీ మళ్లీ పెడితే ఇక అక్కడ కూర్చోదు. మీట నొక్కితే కుయ్ కుయ్‌మని మోత తప్ప తెర వెలగలేదు. ఆత్రగానికి బుద్ధి మట్టు అంటారు, నన్ను చూసే అని ఉంటారు.

మూడు రోజులు దాచాను. "ఆడుత లేరేంది?" అని నాయన అడిగితే, "కళ్లు నొస్తున్నయి" అన్నాను. రజితక్క కూడా నా మాటకే తలూపింది. నాలుగో రోజు అన్నం ముందు కూర్చుని భోరుమన్నాను.

నాయన కంప్యూటర్ డబ్బాను బండికి కట్టాడు, నన్ను వెనకాల ఎక్కించుకున్నాడు. దుకాణంలో జనం. "ఎల్లుండి రాండ్రి" అన్నారు. ఆ ఎల్లుండి పొద్దున్నే వనపర్తి బస్సులో రజితక్క వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దుకాణం అన్న మెమరీని తీసి రెండో స్లాటులో పెట్టాడు, తెర వెలిగింది. "ఒక స్లాటు పోయింది, ఇంక మూడున్నయి. ఫికర్ లేదు" అన్నాడు.

వచ్చే దారిలో నాయన బండి మెల్లగా నడుపుతూ అన్నాడు. "పోగు తెగితే ముడేస్తం బిడ్డా. తెగినందుకు నేను ఎన్నడన్న మగ్గాన్ని తిట్టిన్నా? నువ్వు చెప్పక దాస్తివి సూడు... గదే నాకు బాధయింది. మొదటి దినమే చెప్తే ఆ పిల్లతోని పేకాటన్న ఆడుకుందువు కదా."

ఆ మాట తగిలినట్టు దెబ్బ కూడా తగిలేది కాదు.

చెప్పినట్టే దసరాకు నాయన ఇంకో మెమరీ తెచ్చాడు. ఆట గాలిలా పరుగెత్తింది. ఎర్ర కారు నాదే అయింది... పోటీకి ఎవరూ లేరు కదా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న నా కోసం కొత్త గేమింగ్ కంప్యూటర్ సామాన్లు తెప్పించుకున్నాను. బోర్డు, మెమరీ ఫోనులోనే ఎంచుకున్నాను, రెండో రోజుకు గుమ్మంలో ఉన్నాయి. మెమరీ చేతిలో పట్టుకున్నాను గానీ నొక్కడానికి చేయి రాలేదు. నాయనే వచ్చి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎన్ని గాడులున్నయి?" అని అడిగి, నాలుగని తెలిశాక తృప్తిగా తలూపాడు. గాటు చూసుకుని, నిదానంగా, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. ఈసారి వచ్చిన టక్ మంచిదే.

వెంటనే రజితక్కకు ఫోన్ చేశాను. నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. "గిప్పుడేం ఆటలే, నాకు ఊపిరాడ్త లేదు" అని నవ్వి, పిల్ల ఏడుస్తోందని పెట్టేసింది.

ఇప్పుడు నాలుగు స్లాట్లూ ఒక్కరోజులో నింపుకోగలను. ఆమెతో ఆడుకోవాల్సిన ఆ మూడు రోజులే ఎక్కడా దొరకడం లేదు.

ఆత్రంతో మీరు విరగ్గొట్టి దాచిపెట్టిన వస్తువు ఏదో ఒకటి ఉండే ఉంటుంది... కింద రాయండి. ఇన్నేళ్లయింది, ఇప్పుడు ఎవరూ తిట్టరులెండి. ఎర్ర కారు మాత్రం ఎవరూ అడగొద్దు, అది రజితక్క కోసం అట్టిపెట్టాను.