జవాబు చెప్పేసిన బొమ్మలు

ఒడెన్సె నగరంలో బడిపిల్లల డిజిటల్ పుస్తకాలు తయారుచేసే ఆఫీసులో బోదిల్ పని బొమ్మలకు మాటలు రాయడం. ప్రతి బొమ్మ వెనకా పైకి కనపడని నాలుగు వాక్యాలు రాస్తుంది; చూపులేని పిల్లలకు కంప్యూటర్ వాటిని చదివి వినిపిస్తుంది. అంతకుముందు ముప్పయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషి. పాఠం చెప్పకుండా ఉండమంటే ఆవిడ వల్ల కాదు.

ఆ శుక్రవారం బోదిల్ కాళ్లు నేలమీద నిలవలేదు. సోమవారం సోల్వై తన క్లాసుతో కలిసి పరీక్ష రాయబోతోంది మరి! బోదిల్ మాటలు రాసిన పుస్తకాలతోనే చదువుకునే పద్నాలుగేళ్ల సోల్వైకి పుట్టుకతోనే చూపు లేదు. ఇన్నేళ్లూ అందరూ రాసేసిన పదిహేను రోజులకు, వేరే గదిలో, ఎవరో ఒకరు పక్కన కూర్చుని బొమ్మలు వివరిస్తుంటే రాసేది. ఈసారి అదే గది, అదే గంట, అదే ప్రశ్నపత్రం. అందులోని పన్నెండు బొమ్మలకూ బోదిల్ మాటలు రాసి బడికి పంపేసింది. అభ్యాసానికని వేరే బొమ్మలతో ఇంకో పత్రం సోల్వైకిచ్చింది.

పన్నెండింటికి రై పిండి రొట్టె నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను మోగింది.

"బోదిల్, పరీక్ష నన్ను రాయనిస్తావా, నువ్వే రాసేస్తావా?" సోల్వై గొంతు.

"ఏమైందే?"

"నువ్విచ్చిన అభ్యాసం పత్రంలో 'వీటిలో చెట్టెక్కే పక్షి కాలు ఏది?' అని ప్రశ్న. బొమ్మకి నువ్వేం రాశావు? 'చెట్టెక్కడానికి వీలుగా ఉన్న వడ్రంగిపిట్ట కాలు' అని! ఇంక నేను ఆలోచించేదేముంది, నా మొహం!"

"మంచిదేగా, మార్కులొస్తాయి," అన్నాడు ఫోనులోంచి ఆ కేకలు విన్న పక్క బల్ల ప్రెబెన్.

అది సోల్వైకి వినపడనే వినపడింది. "ఆ మార్కులు బోదిల్‌వి, నావి కావు. మా క్లాసు అస్గర్ గాడికి తెలిస్తే జన్మంతా ఏడిపిస్తాడు. దీనికంటే వేరే గదే నయం."

ఆ మాట బోదిల్‌కి చురుక్కుమంది. గబగబా అసలు ప్రశ్నపత్రం తెరిచింది. పన్నెండింట్లో తొమ్మిది బొమ్మలు జవాబు చెప్పేస్తున్నాయి! బడివాళ్లు కొత్త ఫైలు తీసుకునేది మూడింటి దాకానే.

ఆ ఆఫీసులో పొరపాటు చేసినవాళ్లు అందరికీ కేకు తేవాలి. "దీనికి ఒక్క కేకు చాలదమ్మా," అన్నాడు ప్రెబెన్.

"రెండు తెస్తాలే! ముందు కళ్లు మూసుకుని ఇలా కూర్చో."

ఆవిడ చదువుతుంటే అతను జవాబు చెప్పాలి. ఆలోచించకుండా చెప్పేశాడంటే ఆ వాక్యం కొట్టివేత. 'బురదలో పురుగులు వెతికే ముక్కు' పోయి 'పొడుగ్గా, సన్నగా, కొస కిందికి వంగిన ముక్కు' వచ్చింది. 'బాతు' పోయి 'వెడల్పుగా, చదునుగా ఉన్న ముక్కు' వచ్చింది. ప్రెబెన్ నుదురు ముడిపడినప్పుడల్లా బోదిల్ చప్పట్లు కొట్టింది. మూడింటికి పది నిమిషాలుందనగా ఫైలు వెళ్లింది. రొట్టె అలాగే ఎండిపోయింది.

సోమవారం పదకొండింటికి మళ్లీ ఫోను.

"బోదిల్! ఏడో ప్రశ్న తప్పు రాశాను!"

బోదిల్ కుర్చీలోంచి లేచింది. "నేను రాసింది అర్థం కాలేదా?"

"శుభ్రంగా అర్థమైంది! బురద లోతుల్లోంచి పురుగుని లాగే ముక్కేదన్నారు. నేను వెడల్పుది అన్నా. సగం క్లాసు అదే రాసింది! అస్గర్ గాడు సన్నదన్నాడట, ఒకటే ఫోజులు. ప్రశ్నే సరిగా లేదని మేమంతా టీచర్‌తో పోట్లాటకి వెళ్తున్నాం!"

ముప్పయ్యేళ్ల టీచరు ఉద్యోగంలో కూడా ఒక పిల్ల తప్పు రాసినందుకు బోదిల్ ఇంత సంతోషపడింది లేదు. కళ్లు తుడుచుకుని, "అసలు ఆ వెడల్పు ముక్కు ఎందుకు కాదంటే..." అని మొదలుపెట్టింది.

అవతల ఎవరో అరిచారు: "సోల్వై, నువ్వు లేకుండా ఎలా వెళ్తాం, రావే!"

"తర్వాత చెబుదువుగానిలే, నా కోసం ఆగారు!" అంటూ సోల్వై ఫోను పెట్టేసింది.