ప్లేటు బూట్లు, పాదంలో పగులు

ఆ రోజు పొద్దున్నే తెనాలి నుంచి అంగలకుదురు దాకా పరిగెత్తి వెనక్కి వస్తుంటే, ఎడమ పాదం పైభాగాన, లేసులు ముడిపడే చోట సన్నగా సలుపు మొదలైంది. లేసులు బిగించి కట్టానేమో అనుకున్నాను. ఆగి వదులు చేసుకుంటుంటే పక్కనే నిలబడ్డ నిర్మల అడిగింది.

"ఏంటక్కా, అడుగు తేడాగా పడుతోంది?"

నిర్మలకు కళ్లు కనిపించవు. ముప్ఫై దాటాక రెటీనా జబ్బుతో చూపు క్రమంగా పోయింది. రేపల్లెలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తుంది. నేను బాపట్లలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా ఇద్దరిదీ ఒకే చర్చి, పరిచయం అక్కడే. చిన్నప్పుడు స్కూలు పోటీల్లో పరిగెత్తేదట. చూపు పోయాక అన్నిటికంటే దానికే ఎక్కువ బాధపడ్డానని ఒకసారి చెప్పింది. అప్పటి నుంచి తోడుగా నేను పరిగెత్తుతున్నాను. మూరెడు గుడ్డ పట్టీ ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస నా చేతిలో ఉంటుంది. గుంత, కుక్క, స్పీడ్ బ్రేకర్, ఎదురొచ్చే ట్రాక్టరు, అన్నీ నేను ముందుగా చెప్పాలి.

ఏడాది తిరిగేసరికి ఆమె వేగం నన్ను దాటింది. పట్టీ పట్టుకున్న మనిషి వెనకబడితే ఆమె కూడా ఆగాల్సిందే. పైగా బాపట్లలో సముద్రం వైపు జరిగే హాఫ్ మారథాన్‌కి పేరిచ్చింది. ఆమెకు సమానంగా పరిగెత్తాలని నేను ప్లేటు బూట్లు కొన్నాను.

ఈ బూట్ల అడుగున మందంగా, మెత్తగా నురుగు ఉంటుంది. దాని మధ్యలో గరిటెలా వంపు తిరిగిన కార్బన్ పలక. మామూలు బూటును చేత్తో వంచితే వేళ్ల దగ్గర మడత పడుతుంది, ఇది పడదు. నురుగు అణిగి పైకి లేస్తుంది. పలక వేళ్లను వంగనివ్వకుండా పాదాన్ని ముందుకు దొర్లిస్తుంది. పిక్కకు శ్రమ తగ్గినట్టు ఉంటుంది కానీ, తగ్గిన భారం ఎక్కడికీ పోదు, పాదంలోనే ఇంకో చోట పడుతుంది. ఎక్కువగా పోటీ రోజు కోసం తయారుచేసే రకం అది. నేను రోజూ వేసుకున్నాను. నిర్మల కూడా ఒకసారి తొడుక్కుని నాలుగడుగులు వేసి విప్పేసింది.

"నాకొద్దక్కా. కింద రోడ్డుందో మట్టుందో తెలియట్లేదు. పరుపు మీద నడిచినట్టుంది."

సలుపు విశ్రాంతి తీసుకుంటే పోయేది, పరిగెత్తితే వచ్చేది. మొదట చూపించుకున్న డాక్టరు ఎక్స్‌రే తీయించి, "ఏమీ లేదండి, బెణుకు" అని మాత్రలు రాశారు. మాత్రలు వాడుతూ పరిగెత్తాను. కొన్ని వారాలకు క్లాసులో బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పడమే కష్టమైంది. ఇంట్లో ఆ ఒక్క కాలి మీద గెంతి చూశాను. రెండో గెంతు వేయలేకపోయాను.

తెనాలిలోనే వేరే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి మా ఆయన తీసుకెళ్లారు. ఆ డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి, పాదం పైన బొటనవేలితో ఒకే చోట నొక్కారు. కాలు వెనక్కి లాక్కున్నాను.

"ఇది ఎక్స్‌రేలో మొదట్లో కనపడదమ్మా. ఎమ్మారై చేయిద్దాం."

ఎమ్మారై, తర్వాత సీటీ తీశారు. నావిక్యులర్ స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. పాదం మధ్యలో ఉండే చిన్న ఎముకలో పగులు. "ఆ ఎముక మధ్యలోకి రక్తం తక్కువ వెళ్తుంది, నిదానంగా అతుకుతుంది. కాలు అస్సలు కింద పెట్టకూడదు" అన్నారు డాక్టరుగారు.

"బూట్ల వల్లేనా సార్?"

"బూట్లే అని చెప్పలేను. రక్తపరీక్షలో మీకు విటమిన్ డి బాగా తక్కువుంది. పరుగు కూడా త్వరగా పెంచారు. బూటేమో వంగని రకం. అన్నీ కలిసుంటాయి. ఇలాంటి బూట్లు వాడేవాళ్లలో ఈ ఎముక పగిలిన కేసులు వస్తున్నాయి, ఇంకా ఏదీ తేలలేదు."

కట్టు వేశారు. చంకల్లో కర్రలు, బాత్రూములో స్టూలు. కాలేజీకి సెలవు పెట్టాను. వంట మా ఆయన చేశారు. నిర్మల చూడ్డానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నా కోసం వేసుకున్నావు ఆ బూట్లు."

"నేనే వేసుకున్నాను. నువ్వేం వేయించలేదుగా."

"పోటీ మానేస్తానక్కా. నువ్వు లేకుండా నాకు భయం."

నాకు కోపం వచ్చింది. నువ్వు మానేస్తే నా కాలు అతుకుతుందా అని అడిగాను. ఆమె లేచి వెళ్లిపోయింది. రెండు వారాల తర్వాత వాళ్ల స్కూల్ పీఈటీ లక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎదురుగా ఏముందో ఎంత ముందు చెప్పాలో, పట్టీ ఎంత వదులుగా పట్టాలో కుర్చీలో కూర్చునే లక్ష్మికి చెప్పాను. మా హాల్లో ఇద్దరూ అటూ ఇటూ నడిచారు. ఆ పట్టీ వేరే చేతిలో చూడటం నాకు తేలిగ్గా అనిపించలేదు.

కట్టు విప్పాక మళ్లీ సీటీ తీశారు. పగులు అలాగే ఉంది. డాక్టరుగారు తెర మీద సన్నటి నల్లగీత చూపించి, "స్క్రూ వేయాలమ్మా" అన్నారు. పరుగు సంగతి పక్కన పెట్టి, నడకైనా మిగులుతుందా అని మొదటిసారి భయపడ్డాను. ఆపరేషన్ జరిగింది. మళ్లీ కట్టు, మళ్లీ కర్రలు.

పోటీ అప్పుడే వచ్చింది. మా ఆయన కారులో బాపట్ల తీసుకెళ్లి, ముగింపు గీతకు కాస్త అవతల కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాళ్లు కనపడకముందే లక్ష్మి గొంతు వినిపించింది. "ఇసక ఉంది మేడమ్, చూసుకోండి. ఇంక కొంచెమే." ఇద్దరూ గీత దాటారు. నాకు ఏడుపు రాలేదు. కట్టులోని కాలు మాత్రం కదిలినట్టయింది. లక్ష్మి ఆమె చెయ్యి తెచ్చి నా భుజం మీద వేసింది. నిర్మల రొప్పుతూనే అడిగింది.

"కాలు కింద పెట్టావా?"

"లేదు."

"పెట్టకు."

ఆ తర్వాతిదంతా నెమ్మది పని. కట్టు తీశాక పిక్క సన్నబడిపోయి నాది కానట్టు ఉంది. ఫిజియోథెరపీలో కాలివేళ్లతో తువ్వాలు లాగడం దగ్గర మొదలుపెట్టించారు. ఎముక అతికిందని సీటీలో తేలిన రోజు డాక్టరుగారు, "ఇక నడవండమ్మా, పరుగు తొందర లేదు" అన్నారు. మొదటి పరుగు మా వీధి చివరి వరకే.

ఇప్పుడు రోజు విడిచి రోజు, మామూలు బూట్లతో మెల్లగా పరిగెత్తుతున్నాను. చలికాలంలో పాదం పొద్దున్నే కాస్త బిగుసుకుంటుంది. నిర్మల లక్ష్మితో కలిసి ఇంకో పోటీకి తయారవుతోంది. శనివారాలు మాత్రం నాతో వస్తుంది. నా కోసం వేగం తగ్గించుకుంటోందని మొదట్లో ఇబ్బందిపడేదాన్ని. "మెల్లగా పోతేనే మాట్లాడుకోవడానికి అవుతుందక్కా" అంది. నిజంగానే ఆమె దారంతా మాట్లాడుతుంది.

ప్లేటు బూట్లు వేసుకోవద్దని నేను చెప్పను. వేసుకున్నా, వేసుకోకపోయినా ఒక పని చేయండి. పరుగు అయ్యాక బూటు విప్పి పాదం పైభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసుకోండి. ప్రతిసారీ ఒకే చోట నొప్పి పుడుతుంటే పరుగు ఆపేయండి. ఎక్స్‌రే బాగుందన్నా సరే, ఎమ్మారై అవసరమేమో డాక్టరుని అడగండి. ముందే వచ్చుంటే స్క్రూ తప్పేదేమో అని మా డాక్టరుగారు తర్వాత అన్నారు.