మాట పోయిన రాయబారి

కోవిడ్ రెండో వేవ్ తగ్గిన మరుసటి ఏడాది సంగతి ఇది. బందరులో నాకు చిన్న స్పీచ్ థెరపీ క్లినిక్ ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాటలు ఆలస్యమైన పిల్లలు, కొందరు పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు. ఆ శ్రావణంలో నాగాయలంక దగ్గరి పల్లె నుంచి రత్నమ్మ గారు ఫోన్ చేశారు. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను.

"మా అన్నయ్యకి మాట పోయిందమ్మా. కారెక్కమంటే ఎక్కడు. నువ్వే ఒకసారి రాగలవా?"

అన్నయ్య సుదర్శనరావు గారు. దివిసీమలో పుట్టి, విదేశాంగ ఉద్యోగంలో చేరి, తరువాత శాంతి చర్చలు నడిపే మధ్యవర్తిగా దేశాలు తిరిగిన మనిషి. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఒక దేశంలో, నదికి ఇటొక వర్గం, అటొక వర్గం ఏళ్ల తరబడి చంపుకుంటుంటే, ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి తుపాకులు దింపించారని ఊళ్లో చెప్పుకునేవారు. ఆయన గదిలో మాత్రం పతకాలూ సన్మాన పత్రాలూ ఏమీ లేవు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక, భర్త పోయి ఒంటరిగా ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చేశారు.

పక్షవాతం వల్ల ఆయనకి వచ్చింది ఎఫేజియా. మెదడులో మాటను పుట్టించే చోటు దెబ్బతింటుంది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు తెలుస్తుంది, చెప్పాలనుకున్నదీ తెలుస్తుంది, మాట మాత్రం నోటిదాకా రాదు. ఐదు భాషలు మాట్లాడిన మనిషి, మొదటి రోజు నా ఎదుట వారాల పేర్లు కూడా చెప్పలేకపోయారు.

అలవాటు ప్రకారం అవసరం మాటలతో మొదలుపెట్టాను. నీళ్లు, నొప్పి, చాలు. నెల తిరిగేసరికి ఆ మూడూ వచ్చాయి. కానీ ఆయన ముఖంలో వెలుగు లేదు. నీళ్లు కావాలంటే చెంబు వైపు చూపిస్తే సరిపోతుంది, దానికింత తంటా ఎందుకన్నట్టు చూసేవారు.

ఒకరోజు వెళ్లబోతుంటే రత్నమ్మ గారు వీధరుగు దగ్గర ఆపారు.

"ప్రతి ఆదివారం సాయంత్రం ఫోనొస్తుందమ్మా. మోగినంతసేపూ దాన్నే చూస్తా కూర్చుంటాడు. తను ఎత్తడు, నన్ను ఎత్తనివ్వడు."

"ఎవరండీ చేసేది?"

"మరియమ్ అని, అక్కడి ఆవిడ. చర్చలప్పుడు ఈయన మాటలన్నీ వాళ్లకి తర్జుమా చేసి చెప్పేదంట. జబ్బు చేయకముందు గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఆ భాష నాకేం తెలుసు? కానీ ఆదివారం వచ్చిందంటే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. ఫోన్‌కి చొక్కా ఎందుకన్నయ్యా అని నవ్వేదాన్ని."

నేను వెనక్కి తిరిగి లోపలికి వెళ్లాను. "సార్, వచ్చే ఆదివారం నేనుంటాను. ఫోన్ ఎత్తుదామా?"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, చెయ్యి విదిలించారు. ఏం పెట్టుకుని మాట్లాడను అని.

"మీరు ఎలా ఉన్నారో ఆవిడకి తెలియాలి కదండీ. మీరు ఎత్తకపోయినా ప్రతి వారం చేస్తూనే ఉన్నారు."

ఆదివారం నేను వెళ్లేసరికి గడ్డం చేయించుకుని, ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నారు.

వీడియోలో తెల్లటి తలగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ కనబడింది. ఆయన్ని చూడగానే ఫ్రెంచిలో గబగబా ఏదో అడిగింది. ఆయన నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు. నేను ఫోన్ అందుకుని ఇంగ్లీషులో పరిస్థితి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఫోన్ ఆయనకివ్వమంది. నెమ్మదిగా, వంకర ఉచ్చారణతో, తెలుగులో అడిగింది.

"సుదర్శన్ గారూ, భోంచేశారా?"

"ఆఁ, చేశానండీ. మీరో?" అన్నారాయన.

గుమ్మంలో రత్నమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన కూడా తన గొంతు విని తనే ఉలిక్కిపడ్డారు. దీన్ని మేము ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. జన్మంతా అలవాటుగా అన్న పలకరింపులు, ఆలోచించి చెప్పే మాటలు పోయినా ఒక్కోసారి మిగిలి ఉంటాయి. ఏది మిగిలిందో చాలాసార్లు ఇంట్లోవాళ్లకే తెలియదు.

ఆవిడ తరువాత నాకు చెప్పింది. చర్చలకి వచ్చిన నాయకులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదట. ప్రతి ఒక్కర్నీ పేరు పెట్టి 'భోంచేశారా' అని అడిగేదాకా ఆయన కాగితం తెరవనిచ్చేవారు కాదట. "తర్జుమా చేసి చేసి విసుగొచ్చి తెలుగులోనే వదిలేశాను. కొన్నాళ్లకి వాళ్లే ఒకళ్లనొకళ్లు ఎగతాళిగా అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా నది మీది వంతెన దగ్గరి బజార్లో పిల్లలు కూడా అంటారు. అది ఏ దేశపు మాటో వాళ్లకి తెలియదు." ఆయన వింటూ కళ్లు మూసుకున్నారు.

తరువాతి సెషన్‌లో నేను బొమ్మల కార్డులు తీయబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"అడ... అడగలా."

"ఏం అడగలేదు సార్?"

"ర... రమ్మని."

నాకు అర్థం కాక రత్నమ్మ గారి వైపు చూశాను. ఆవిడ గొంతు తగ్గించారు. "ఆవిడది నదికి ఒకవైపంటమ్మా. పెళ్లి చేసుకుంటే రెండోవైపు వాళ్లు ఈయన మాట నమ్మరు, చర్చలు చెడతాయని ఊరుకున్నాడు. గొడవలు సద్దుమణిగేసరికి ఇద్దరికీ వయసైపోయింది."

కార్డులు సంచిలో పెట్టేశాను. మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అని ఒక పద్ధతి ఉంది. మాటను రాగంలా సాగదీస్తూ, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికిస్తాం. పాట పలికే దారిలో మాటను బయటికి రప్పించడమన్నమాట. రెండు నెలలు మేమిద్దరం ఒకే మాట మీద కూర్చున్నాం. కార్తీకంలో వచ్చింది.

ఆ ఆదివారం ఆయన తొడ మీద తాళం వేసుకుంటూ, ఫోన్‌లోకి చూస్తూ అన్నారు. "వస్... తారా?"

ఆ మాట ఆవిడకి తెలియదు. నన్నడిగింది. ఇక్కడికి వస్తారా అని అడుగుతున్నారని ఇంగ్లీషులో చెప్పాను. జీవితమంతా ఇతరుల మాటల్ని అటూ ఇటూ చేరవేసిన ఆవిడ ఈసారి ఆ పని నాకు అప్పజెప్పింది.

"ఏ ఏడాది నుంచి అడగాలనుకుంటున్నారో కనుక్కోండి" అంది.

ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది. నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు.

ఆవిడకి రోజు విడిచి రోజు డయాలసిస్. విమానం ఎక్కే ఆరోగ్యం కాదు. "రాలేను. కానీ అడిగారని చెప్పుకోవడానికి నాకొక రోజు మిగిలింది" అంది.

తరువాతి వానాకాలంలో సుదర్శనరావు గారు నిద్రలోనే పోయారు. ఆయనకి ఫ్రెంచి తిరిగి రాలేదు, ఇంగ్లీషూ రాలేదు. ఆయన పోయాక వచ్చిన ఆదివారం ఫోన్ రత్నమ్మ గారే ఎత్తారు. ఒకరి భాష ఒకరికి తెలియని ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు చూసుకుంటూ చీకటి పడేదాకా కూర్చున్నారు. పక్కనే ఉన్నా, నేను ఒక్క మాట కూడా తర్జుమా చేయలేదు.

ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే నీళ్లు, నొప్పి లాంటి మాటలు తరువాతే నేర్పుతాను. ముందు ఒక్కటే అడుగుతాను. "మీకు ఎవరితో మాట్లాడాలని ఉంది?" నోటితో జవాబు రాదు. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడు వాళ్ల ముఖం మారుతుంది. పక్కనున్న కుటుంబ సభ్యులు ఒక పేరు, తరువాత ఇంకో పేరు చెబుతారు. ఏదో ఒక పేరు దగ్గర ఆ కళ్లు ఆగుతాయి. ఆ పేరుగల మనిషికి ఏం చెప్పాలని ఉందో కనుక్కుని, ఆ మాటతోనే మొదలుపెడతాను.