నీళ్ల బండి ఎద్దు పద్దు

చెన్నమ్మకు బడ్జెట్ అంటే ఏమిటో తెలియదు. తెలిసిందల్లా, ఏటా మార్చి నెలాఖరులో ఆఫీసు హాల్లో జంపఖానా పరుస్తారనీ, ఆ రోజు పన్నెండు బిందెలకు బదులు పదహారు మొయ్యాలనీ. ఊరి పెద్దలు ఆ రోజు మాట్లాడతారు. మాటలకు దాహమెక్కువ.

ఆ ఆఫీసు పేరు మనకెందుకు? జహీరాబాద్‌లో ఇంటిపన్ను వసూలు చేసి, దీపాలు పెట్టిస్తామనీ మురుగు మోరీలు తీయిస్తామనీ చెప్పే ఆఫీసు అనుకుంటే చాలు. బొంబాయి సడక్ పక్కన పెంకుల కప్పు కింద నాలుగు గదులు, ముందు ఒక వసారా. వసారాలో రెండు పెద్ద కుండలు. ఆ కుండలు ఎండిపోకుండా చూడటమే చెన్నమ్మ బతుకు. ఆఫీసు వెనక బోరింగు ఉంది కానీ ఆ నీళ్లు నోట పెడితే ఉప్పు కషాయం. మంచినీళ్లు కావాలంటే రైలు పట్టాలు దాటి బావికి పోవాలి, నెత్తిన బిందె పెట్టుకుని మళ్లీ పట్టాలు దాటి రావాలి.

ఆమె ఈ పనిలోకి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు ఎద్దు సంగతి చెప్పాలి. ఆఫీసుకు ఒకప్పుడు నీళ్ల బండి ఉండేది. ఒంటెద్దు బండి. డెబ్బై రెండులో వానలు పడలేదు, డెబ్బై మూడు ఎండాకాలానికి ఆ ఎద్దు చచ్చిపోయింది. మేత లేక చచ్చింది పాపం. పుస్తకంలో మాత్రం మేత నిండుగా ఉంది, నెలకు నలభై రూపాయలు, ఒక్క పైసా తగ్గలేదు. మరి ఆ మేత ఎవరు మేశారో ఆ దేవుడికే ఎరుక.

సరిగ్గా అదే ఎండాకాలం, ఝరాసంగం దగ్గరి పల్లెలో మొగుణ్ణి మట్టిలో పెట్టి చెన్నమ్మ ఊళ్లోకి వచ్చింది. మెడలో లింగంకాయ, చంకలో ఇత్తడి బిందె, ఇంతే ఆస్తి. నీడ కోసం ఆఫీసు వసారాలో కూర్చుంటే లోపల ఎవరో నీళ్లో నీళ్లో అని మొత్తుకుంటున్నారు. లేచి బావికి వెళ్లి ఒక బిందె తెచ్చిపోసింది. మర్నాడూ తెచ్చింది. నెల తిరిగేసరికి జీతం అడిగింది. చిక్కు అక్కడ వచ్చింది.

లెక్కల గుమాస్తా పేరు రేవణసిద్ధప్ప. మంచివాడు. మంచివాడంటే, ఎవరికీ చెడు చెయ్యడు. మంచి చెయ్యాలన్నా మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటాడు. ఊరి బడ్జెట్ ఏటా రాసేది ఆయనే. అదేం బ్రహ్మవిద్య కాదు. పోయినేటి పుస్తకం ఎడమ పక్కన, కొత్త పుస్తకం కుడి పక్కన పెట్టుకుని, ప్రతి అంకె మీదా నూటికి పది కలుపుకుంటూ పోతాడు. ముందు ఖర్చు రాస్తాడు, ఆ ఖర్చుకు సరిపడా ఆదాయం తర్వాత పుట్టిస్తాడు. ఇంకా పునాది తియ్యని ఇళ్ల మీద ఇంటిపన్ను, ఇంకా దారి తప్పని గొడ్ల మీద బందెలదొడ్డి జుర్మానా! దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, సంగారెడ్డిలో పైవాళ్లు దానిమీద ఠపీమని ముద్ర గుద్దేవాళ్లు.

ఆ పుస్తకంలో ఒకసారి ఎక్కిన పద్దు దిగదు. ఎక్కనిది ఎక్కదు. కొత్త పద్దు ఒక్కటి రాశారా, ఇదెందుకు, ఎవరు మంజూరు చేశారు, ఇన్నాళ్లు లేనిది ఇప్పుడేమొచ్చింది అని పైనుంచి పది ప్రశ్నలు. పాత పద్దును మాత్రం ఎవడూ కన్నెత్తి చూడడు.

నీళ్లు మోసే మనిషికి పద్దు లేదు. నీళ్ల బండి ఎద్దు మేతకు ఉంది. రేవణసిద్ధప్ప రెండు రోజులు మథనపడి, మూడో రోజు ఒక రసీదు రాసి చెన్నమ్మ ముందు పెట్టాడు. "ఈడ బొటనేలు ముద్ర ఎయ్యి చెన్నమ్మక్కా" అన్నాడు. ఆమె వేసింది. నలభై రూపాయలు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఆ కాగితం మీద ఏముందో అడగాలని ఆమెకు తోచలేదు, చెప్పే ధైర్యం ఆయనకు లేదు.

ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు. ఈ ఎద్దు ఏనుగును మించిపోయింది, చచ్చాక ఏటేటా ధర పెరిగింది. నలభై కాస్తా నలభై నాలుగైంది, ఆపైన నలభై ఎనిమిదైంది, ఎనభై నాలుగొచ్చేసరికి నూట నాలుగు. తక్కిన టెంపరరీ వాళ్లకు పదేళ్లలో పది రూపాయలు పెరగలేదు. "మా సిద్దప్ప ధర్మాత్ముడు. అడగకముందే పెంచుతడు" అని చెన్నమ్మ బావి దగ్గర గొప్పగా చెప్పుకునేది.

ఇంతలో పైనుంచి ఒక కాగితం వచ్చింది. పదేళ్లు విడవకుండా పనిచేసిన వాళ్లను పర్మినెంటు చేయవచ్చునట. ఆ మాట చెవిన పడ్డ రోజు చెన్నమ్మకు నిద్ర పట్టలేదు. యాభై దాటాయి. మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. పర్మినెంటైతే, బిందె ఎత్తలేని నాడు కూడా పెన్షన్ వస్తుంది, ఒకరి గడపలో చెయ్యి చాపే గతి తప్పుతుంది. బతుకంతటికీ ఆమె కోరుకున్నది ఈ ఒక్కటే.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు గదా. రేవణసిద్ధప్ప ఆమె కనపడగానే ఫైళ్లలో తల దూర్చేవాడు.

"జర ఓపిక పట్టు అక్కా. ఫికర్ చెయ్యకు."

"పదేండ్లు పట్టిన గద సిద్దప్పా. ఇంక మోకాళ్లు వంగుతలేవు."

ఆయనేం చెప్తాడు? ఆ ఆఫీసు పుస్తకాల్లో చెన్నమ్మ అనే మనిషి పదేళ్లు కాదు కదా, పది నిమిషాలు కూడా పని చెయ్యలేదు.

ఫిబ్రవరిలో ఆడిటర్ వచ్చాడు. మాణిక్‌రావు అని, సన్నగా, అన్నం కూడా లెక్కపెట్టి తినే రకం. రసీదుల కట్ట తిరగేసి తిరగేసి కళ్లజోడు తీశాడు. "ఈ ఎద్దును ఒకసారి చూడాలండీ" అన్నాడు. రేవణసిద్ధప్ప సిరా లేని బుడ్డిలో కలం ముంచాడు. అదే సమయానికి చెన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఈ వేలిముద్రలు నీవేనామ్మా? ఎద్దును మేపేది నువ్వేనా?"

"ఏ ఎద్దు సారూ? నాకు మేక గూడ లేదు."

ఆడిటర్ రసీదు చదివి వినిపించాడు. నెల నెలా, పదకొండేళ్లు, ఎద్దు మేత కోసం చెన్నమ్మ అందుకున్న సొమ్ము. చెన్నమ్మ ముందు నవ్వింది. తర్వాత రేవణసిద్ధప్ప మొహం చూసింది, నవ్వు ఆగిపోయింది. చెయ్యి దానంతటదే మెడలోని లింగంకాయ మీదికి పోయింది.

"అయ్యో నా తండ్రీ! బసవన్న మేత తిన్ననా నేను? పదకొండేండ్లు బసవన్న నోటికాడిది తిన్ననా?"

ఎద్దుతో పోల్చారని కాదు ఆమె ఏడుపు. పండక్కి ఎద్దు కాళ్లు కడిగి మొక్కే ఇంట్లో పుట్టింది, ఎద్దు ఆమెకు దేవుడే. దేవుడి మేత దొంగిలించిన పాపం తన నెత్తిన పడిందని ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది రేవణసిద్ధప్పకు, కానీ చావు కూడా పద్దులో ఉంటే గదా.

ఆడిటర్ చెడ్డవాడు కాదు, రూలు మనిషి. లేని ఎద్దుకు మేత, ముద్ర వేసింది చెన్నమ్మ, కాబట్టి ఎనిమిది వేల ఎనిమిది వందల తొంభై అయిదు రూపాయలు చెన్నమ్మ దగ్గర వసూలు చేయాలి అని రాసి సంతకం పెట్టి బస్సెక్కాడు. పెన్షన్ కోసం పోయిన మనిషికి అప్పు అంటుకుంది.

వారం రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. ఎనిమిదో రోజు ఏడుపు పోయి కోపం వచ్చింది. నేరుగా రేవణసిద్ధప్ప మేజా దగ్గరికి పోయి నిలబడింది.

"ఎద్దు సచ్చిందని ఊరంత ఎరుక. మరి ఈ పదకొండేండ్లు నీళ్లెవలు తెచ్చిన్రు సిద్దప్పా? నువ్వు తాగలేదా?"

"తాగిన అక్కా." ఆయన కలం కింద పెట్టాడు. "మీటింగుల తీర్మానం చేస్తే ఇదంత తెగిపోతది. గవి మేత పైసలు గాదు, నీళ్లు మోసినందుకు ఇచ్చిన జీతం అని రాయాలె. గట్ల రాస్తే అప్పు పోతది, పదేండ్ల నౌకరి గూడ రుజువైతది. కని అధ్యక్షుడు ఒప్పుకోవాలె."

అధ్యక్షుడు బస్వరాజ్ సేట్, బెల్లం వ్యాపారి. మాట కూడా బెల్లమే, చేతికి మాత్రం ఏమీ అంటదు. "ఎద్దు సంగతి నాకెరుక లేదు చెన్నమ్మా. నేను ఎనభై ఒకటిల గెలిచిన, అది డెబ్బై మూడుల సచ్చింది. కొత్త నౌకరి అంటే ఖర్చు. వచ్చే ఏడు చూద్దాం తియ్యి" అన్నాడు. చెన్నమ్మ బిందె ఎత్తుకుని బావికి పోయింది.

మార్చి ఇరవై తొమ్మిది. బడ్జెట్ మీటింగు. ఆ మీటింగు ఏటా పన్నెండు నిమిషాలు నడుస్తుంది: రేవణసిద్ధప్ప మొత్తం అంకె చదువుతాడు, సభ్యులు చేతులెత్తుతారు, మిక్చరు పొట్లాలు విప్పుతారు. ఆ రోజు మిక్చరు ముందే వచ్చింది. కారం దట్టించిన మిక్చరు. తిన్నాక కుండల్లో చూస్తే చుక్క లేదు.

"ఏ చెన్నమ్మా! నీళ్లేవి?" అని సేట్ కేకేశాడు.

చెన్నమ్మ వసారాలో బిందె బోర్లించి, దాని పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఎద్దు సచ్చింది గద సేటూ. నీళ్లెట్లొస్తయి?"

సేట్‌కు కోపం నషాళానికెక్కింది. పోనీలే అని సోడాలు తెప్పించమన్నాడు. అప్పుడు రేవణసిద్ధప్ప లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల నౌకరిలో ఆయన ఎవరికీ ఎదురు చెప్పింది లేదు.

"సోడాకు పద్దు లేదు సేట్."

"ఏదో ఒకదాంట్ల రాయవయ్యా!"

"గిట్ల ఏదో ఒకదాంట్ల రాసే గద ఆడిట్ల దొరికినం. పుస్తకం మీ ముందరనే ఉన్నది. ఏ పద్దుల రాయాలెనో మీరే చూసి చెప్పున్రి."

ఆ ఊరి చరిత్రలో మొదటిసారి సభ్యులు బడ్జెట్ పుస్తకం తెరిచారు. సోడా కోసం తెరిచారు, అది వేరే సంగతి. కరెంటు వచ్చి ఏళ్లు గడిచినా వీధి లాంతర్ల కిరసనాయిలు కొంటున్నట్టు ఒకాయన కనిపెట్టాడు. "మా గల్లీల మోరీ నాలుగు సార్లు కట్టినట్టున్నది. నేనొక్కసారి గూడ చూడలే!" అని ఇంకొకాయన లేచాడు. "మా గల్లీది ఏడ పోయింది మరి?" అని మూడో ఆయన. ఒంటిగంట దాటింది. రెండు కావచ్చింది. పెంకుల కింద గది పెనం లాగా కాలుతోంది, నోట్లో కారం, చేతిలో పుస్తకం. పేజీ తిప్పినకొద్దీ సేట్ మొహం నల్లబడుతోంది. ఇంకో నాలుగు పేజీలు పోతే ఆయన సొంత కొట్టు ముందు వేసిన సడక్ దగ్గరికి వస్తారు.

రేవణసిద్ధప్ప మెల్లగా అన్నాడు. "చెన్నమ్మ తీర్మానం ఒక్కటి అయితే ఆడిట్ సంగతి తెగిపోతది సేట్. పుస్తకం మూసుకోవచ్చు."

"అయితే రాయి! ఎవలన్న అడ్డమా? ఎవ్వలు లేరు. రాయి, జల్ది రాయి!"

చేతులన్నీ లేచాయి. రేవణసిద్ధప్ప తన గుండ్రటి అక్షరాలతో రాశాడు, అందరి సంతకాలూ తీసుకున్నాడు, పుస్తకం మూశాడు. సేట్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"ఇగ అయిపాయె గద. లెవ్వు, జల్ది రెండు బిందెలు తే. పానం పోతున్నది."

చెన్నమ్మ లేచింది. కళ్లు తుడుచుకుంది. "రాసింది జర సదువు సిద్దప్పా" అంది.

ఆయన చదివాడు. ఇన్నాళ్లూ ఇచ్చింది నీళ్లు మోసినందుకు జీతమేననీ, ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి చెన్నమ్మను ఆ పనిలో పర్మినెంటుగా నియమించడమైనదనీ.

"ఇయ్యాల తారీఖెంత?"

"ఇరవై తొమ్మిది."

"మరింకేంది సేటూ?" అంది చెన్నమ్మ, బిందె చంకనెత్తుకుంటూ. "నా నౌకరి ఒకటో తారీఖు నుంచి. ఈ మూడు దినాలు తెస్తే ఏ పద్దుల రాస్తరు?"

అని, మెట్లు దిగి ఇంటికి పోయింది.